దాచుకున్న తుపాకి, కనిపించే తుపాకి: కడప జిల్లాలో ఆత్మరక్షణాయుధాల చరిత్ర - ఒక పరిశీలన

1. ప్రస్తావన:

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ముఠాకక్షల ప్రస్తావన రాగానే వేటకొడవలి, నాటుబాంబు గుర్తుకు వస్తాయి. నడుముకు దోపుకొని చొక్కా కింద దాచుకొనే రివాల్వరు ఆ వరుసలోకి రాదు. ప్రాణభయం నిజంగా ఉన్నచోట, రక్షణకోసం ఎంత ఖర్చుకైనా వెనుకాడని కుటుంబాలున్నచోట, చిన్న తుపాకి ప్రధానమైన ఆత్మరక్షణాయుధం ఎందుకు కాలేకపోయిందన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన అంశం. దీనికి కారణం పేదరికమో, తుపాకులు దొరకకపోవడమో అనుకుంటే పొరపాటు. ఆయుధచట్టం నిర్మాణంలో కొంత, కక్ష నడిచే తీరులో అంతకంటే ఎక్కువగా దీని మూలాలున్నాయి.

2. కావలి నుండి లైసెన్సు వరకు:

ఈ నేలకు తుపాకి కొత్త కాదు. జమ్మలమడుగు సమీపంలోని గండికోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశం చేసుకున్నాడు. ఆ తరువాత రెండేళ్లకు అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కోటలో ఫిరంగులు పోతపోయించే ప్రయత్నం జరుగుతుండగా చూశాడు. అయితే గ్రామస్థాయిలో ఆయుధం వ్యక్తికి సంబంధించినది కాదు, వృత్తికి సంబంధించినది. కావలివాడు, కట్టుబడివాడు ఆయుధం పట్టేది ఊరి పంటనూ పశువునూ కాపాడటానికి, పాలెగాడు పిలిచినప్పుడు కదలడానికి. అందుకు ప్రతిఫలం మాన్యం. ఆయుధం అందరికీ కనిపించాలి. కనిపించడంలోనే దాని ప్రయోజనమంతా ఉంది.

1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎదుర్కొన్న మొదటి సమస్య ఇదే. దాదాపు 80 మంది పాలెగాళ్లు, వారి వెనుక సుమారు 30,000 మంది సాయుధ బంట్లు ఉన్నట్లు అప్పటి లెక్కలు చెబుతాయి. జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం పాలెగాళ్లను అణచింది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషను గ్రామ పోలీసు బాధ్యతను గ్రామాధికారికి అప్పగించింది. కట్టుబడి మాన్యాలను ప్రభుత్వం తిరిగి స్వాధీనం చేసుకోవడం 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు ఒక ముఖ్యకారణమైంది. ఆనాడు కోయిలకుంట్ల కడప జిల్లాలో భాగం. 1847 ఫిబ్రవరిలో ఆయనను అక్కడే ఉరితీశారు. ఈ తిరుగుబాటును వీరగాథగా చదవడం మనకు అలవాటు. ఆయుధం పట్టడమే జీవనాధారంగా ఉన్న ఒక వర్గం ఆ జీవనాధారాన్ని కోల్పోయిన చరిత్రగా కూడా దానిని చదవవలసి ఉంది.

1857 తరువాత నిరాయుధీకరణ చట్టరూపం దాల్చింది. 1878 ఆయుధచట్టం లైసెన్సు లేనిదే ఆయుధం ధరించరాదన్నది. దాని కింద వచ్చిన నియమాలు ఐరోపావారికి మినహాయింపునిచ్చాయి. ఈ వివక్షకు ప్రతిస్పందనగానే 1931 కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో నియంత్రణలకు లోబడి ఆయుధం ధరించే హక్కు కూడా చేరింది. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ దానిని రాజ్యాంగంలో చేర్చాలని ప్రతిపాదించగా అంబేద్కర్ వ్యతిరేకించారు. ప్రతిపాదన వీగిపోయింది. అప్పటినుండి భారతదేశంలో ఆయుధం హక్కు కాలేదు. అనుమతిగానే మిగిలింది.

3. చట్టం ఇష్టపడిన తుపాకి:

1959లో వచ్చి 1962 అక్టోబరు 1 నుండి అమలైన ఆయుధచట్టంలోని 13వ సెక్షనును జాగ్రత్తగా చదివితే ఒక ఆసక్తికరమైన భేదం కనిపిస్తుంది. లోపల చాళ్లు లేని, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న తుపాకిని ఆత్మరక్షణకో వేటకో కోరిన పౌరుడికి లైసెన్సు ఇవ్వాలన్నది సాధారణ నియమం. పంటకాపలాకు మందు కూరే తుపాకి కోరిన రైతుకూ అంతే. మిగిలిన అన్ని ఆయుధాలకు దరఖాస్తుదారు 'తగిన కారణం' చూపి అధికారిని ఒప్పించాలి. రివాల్వరు, పిస్తోలు ఈ రెండో కోవలోకి వస్తాయి. అంటే దాచడానికి వీలుకాని పొడవాటి తుపాకిని చట్టం తేలికగా, దాచగలిగిన తుపాకిని అనుమానంగా చూసింది. తెలిసో తెలియకో ఇది పాత కావలివాడి ఆయుధనీతికి దగ్గరగా ఉంది.

'తగిన కారణం' దగ్గరే కక్షల ప్రాంతపు దరఖాస్తుదారు ఇరుక్కుపోతాడు. ప్రాణభయం ఉన్నదని రుజువు చేయాలంటే పగ ఉన్నదని చెప్పాలి. పగ ఉన్నదంటే సాధారణంగా ఇరువైపులా కేసులుంటాయి. సమీప పోలీసు అధికారి నివేదికలో ఆ కేసులన్నీ చేరుతాయి. ప్రజాశాంతికి, భద్రతకు భంగమనుకుంటే 14వ సెక్షను కింద అధికారి లైసెన్సు నిరాకరించవచ్చు. భయానికి సాక్ష్యమైనదే అనర్హతకూ సాక్ష్యమవుతుంది. ఆస్తి లేదన్న కారణంతో మాత్రమే నిరాకరించకూడదని అదే సెక్షను చెబుతున్నది. కాని కాగితాలు నడిపించగల పలుకుబడి ఎవరికి ఉంటుందో గ్రామసమాజం తెలిసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

లైసెన్సు వచ్చినా ఎంపిక పరిమితమే. 9 ఎం.ఎం., .38 వంటి కొలతలు నిషిద్ధకోవలో ఉన్నందున సామాన్య పౌరుడికి మిగిలేది ప్రధానంగా .32 రివాల్వరు లేదా పిస్తోలు. ఒక వ్యక్తి వద్ద మూడు తుపాకులు ఉండవచ్చన్న పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. బహిరంగస్థలంలో చేతితుపాకిని హోల్‌స్టర్ వంటి ఒరలో ఉంచి తీసుకెళ్లాలని, ఎత్తి చూపుతూ తిరగరాదని 2016 నియమావళి నిర్దేశించింది. మొదట కనిపించే ఆయుధాన్ని ఇష్టపడిన చట్టం, చిన్న తుపాకి విషయానికి వచ్చేసరికి దానిని ప్రదర్శించవద్దంటున్నది.

4. బాంబు ముందు రివాల్వరు:

చట్టం సంగతి అలా ఉంచితే, కక్ష స్వభావమే చిన్న తుపాకిని నిరుపయోగం చేసింది. ఒంటరిగా ఎదురుపడిన ఆగంతకుడి నుండి కాపాడటానికి పనికివచ్చే ఆయుధమది. ఇక్కడి దాడి ఒంటరిగా రాదు. ఫలానా రోజున, ఫలానా దారిలో, ఫలానా వాహనంలో వస్తాడని తెలుసుకొని, ఒక గుంపు మాటువేసి బాంబులు విసురుతుంది. జమ్మలమడుగు నాయకుడు, మాజీ మంత్రి పి. శివారెడ్డి 1993లో హైదరాబాదులో బాంబుదాడిలో మరణించారు. 1998 మే నెలలో వై.ఎస్. రాజారెడ్డి పులివెందుల సమీపంలో బాంబుదాడికే బలయ్యారు. ఇటువంటి దాడిలో చొక్కా కింది రివాల్వరును బయటికి తీసే వ్యవధి కూడా ఉండదు.

అందుకే ఇక్కడ ఆత్మరక్షణ అంటే మనుషులు. వెంట నడిచే అనుచరులు, ముందూ వెనుకా వాహనాలు, చివరి నిమిషంలో మార్చే దారి. నాయకుడు శాసనసభ్యుడైతే ప్రభుత్వం గన్‌మెన్‌ను ఇస్తుంది. పాలెగాడి బంట్ల స్థానంలోకి ప్రభుత్వ జీతగాడు వచ్చాడు. ఆ తుపాకి మళ్లీ అందరికీ కనిపించేదే. గన్‌మెన్ సంఖ్యను బట్టి నాయకుడి స్థాయిని అంచనా వేసే అలవాటు కూడా దీనినుండే పుట్టింది. సినిమాలు ఈ ఊరేగింపును చాలా చూపించాయి గాని, వాహనశ్రేణిలో వెనుక కూర్చున్న అనుచరుడి కుటుంబం గతి ఏమిటో చూపింది తక్కువ. కక్షల్లో ఎక్కువగా చనిపోయేదీ, జైలుకు వెళ్లేదీ ఆ అనుచరులే. వారికి లైసెన్సూ లేదు, గన్‌మెనూ లేడు.

చిన్న తుపాకి ప్రభావం చూపిన ప్రసిద్ధ ఘటనలు పొరుగు అనంతపురం కక్షలో ఉన్నాయి, అదీ దాడికి. 2005 జనవరి 24న పరిటాల రవీంద్రను అనంతపురంలో పార్టీ కార్యాలయ ఆవరణలోనే కాల్చిచంపారు. 2011 జనవరిలో హైదరాబాదులో మద్దెలచెరువు సూరిని ఆయన కారులోనే ప్రయాణిస్తున్న సొంత అనుచరుడు కాల్చాడు. దాచుకోగలగడం అన్న గుణం రక్షించుకొనేవాడికంటే నమ్మకంగా దగ్గరకు చేరినవాడికి ఎక్కువ ఉపయోగపడింది.

భారతీయ శిక్షాస్మృతి 96 నుండి 106 వరకు గల సెక్షన్లు, వాటి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించాయి. అయితే ప్రభుత్వాధికారుల రక్షణ కోరే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఈ నిబంధన ఆచరణలో పరీక్షకు నిలుస్తుంది. జిల్లా స్క్రీనింగ్ కమిటీ నిర్ణయాన్ని అనుసరించి లైసెన్సుదారులు తమ తుపాకులను ఠాణాలో జమచేసి రసీదు తీసుకుంటారు. కక్షలు ఎక్కువగా రగిలేది ఆ వారాల్లోనే. నాటుబాంబులకు లైసెన్సూ రసీదూ ఉండవు కనుక పోలీసులు వాటిని గడ్డివాముల్లో, పొలంగట్ల వెంట వెతుకుతూ తిరుగుతారు.