అశోకం

అశోకం లేదా అశోక వృక్షం ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఔషధ వృక్షం. దీని శాస్త్రీయ నామం సరాకా అశోకా. ఇది చింత, చిక్కుడు మొదలైనవి ఉన్న ఫాబేసి కుటుంబానికి చెందినది. దీని బెరడును ఆయుర్వేద వైద్యులు స్త్రీల వ్యాధులలో, ముఖ్యంగా అధిక రుతుస్రావంలో, అనేక శతాబ్దాలుగా వాడుతున్నారు. తెలుగునాట బడుల ముందు, ప్రహరీ గోడల వెంట నిటారుగా పెరిగే "అశోక చెట్టు" ఇది కాదు. అది నరమామిడి. ఈ రెండింటి నడుమ ఉన్న భేదం తెలియకపోవడం మందు విషయంలోను, చెట్టు విషయంలోను నష్టం కలిగిస్తున్నది.

పేర్లు

అశోకమనగా శోకం లేనిది, శోకాన్ని పోగొట్టేది అని అర్థం. సంస్కృతంలో దీనికి కంకేళి, హేమపుష్పం, తామ్రపల్లవం అనే పేర్లు కూడా ఉన్నాయి. లేత ఆకులు రాగిరంగులో ఉంటాయి కనుక తామ్రపల్లవమని పేరు వచ్చినది. కోరమండల్ తీరంలోని సామర్లకోటలో చాలా కాలం పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్, ఏషియాటిక్ సొసైటీ స్థాపకుడైన విలియం జోన్స్ గౌరవార్థం దీనికి జోనీషియా అశోకా అని నామకరణం చేశాడు. పాత గ్రంథాలలో సరాకా ఇండికా అనే పేరు కనిపిస్తుంది.

లక్షణాలు

* సుమారు 6 నుండి 9 మీటర్ల ఎత్తు వరకు పెరిగే, గుబురైన తల గల చెట్టు.
* ఆకులు సంయుక్త పత్రాలు. ఒక్కొక్క ఈనెకు 3 నుండి 6 జతల పత్రకాలు ఉంటాయి. లేత ఆకులు గుత్తులుగా క్రిందికి వ్రేలాడుతాయి.
* పూలు గుత్తులుగా, కొమ్మలను అంటిపెట్టుకొని పూస్తాయి. మొదట పసుపు నారింజ రంగులో ఉండి క్రమంగా ఎర్రబడతాయి. వీటికి ఆకర్షణ పత్రాలు లేవు. రంగుగా కనిపించేవి రక్షక పత్రాలే. పొడవైన కేసరాలు బయటికి పొడుచుకొని వస్తాయి.
* కాయలు చదునుగా, తోలువలె గట్టిగా ఉంటాయి. ఒక్కొక్క కాయలో 4 నుండి 8 గింజలు ఉంటాయి.

నరమామిడికి, అశోకానికి భేదం

నరమామిడి సీతాఫలం కుటుంబానికి చెందినది. దీని ఆకు ఒంటి ఆకు. పొడవుగా, అంచులు అలలవలె ఉంటుంది. పూలు లేత ఆకుపచ్చ రంగులో నక్షత్రాలవలె ఉండి ఆకుల నడుమ కనిపించీ కనిపించనట్లుంటాయి. పండ్లు నల్లగా నేరేడు పండ్లను పోలి గుత్తులుగా కాస్తాయి. అశోకానికి సంయుక్త పత్రాలు, ఎర్రని పూగుత్తులు, చదునైన కాయలు ఉంటాయి. చెట్టును చూచినప్పుడు భేదం సులభంగానే తెలుస్తుంది. కాని ఎండిన బెరడు ముక్కలను చూచి సామాన్యులు పోల్చుకోలేరు. అందువలన బజారులో అశోకం పేరుతో ఇతర బెరడులు కలుస్తున్నాయి. 2016లో ప్రచురితమైన డి.ఎన్.ఎ. పరిశీలనలో, వ్యాపారుల నుండి సేకరించిన నమూనాలలో అధికభాగం అసలు అశోకం కాదని తేలినది.

ఆయుర్వేదంలో అశోకం

చరక సంహితలో అశోకం వేదనాస్థాపన ద్రవ్యాలలో, అనగా బాధను శమింపజేసే పది ద్రవ్యాలలో ఒకటిగా పేర్కొనబడినది. సుశ్రుతుడు దీనిని లోధ్రాది గణంలో చేర్చాడు. బెరడు వగరు, చేదు రుచులు కలది, శీతవీర్యం, స్రావాన్ని అరికట్టే గుణం కలదని చెబుతారు. ప్రధానంగా క్రింది విధాలుగా వాడుతారు.

* క్షీరపాకం: బెరడును పాలు, నీటితో కలిపి, నీరు ఇగిరి పాలు మిగిలే వరకు కాస్తారు. రక్తప్రదరానికి, అనగా జనులు ఎర్రబట్ట అనే వ్యాధికి, దీనిని చక్రదత్తం వంటి గ్రంథాలు విధించాయి.
* అశోకారిష్టం: భైషజ్య రత్నావళిలో చెప్పబడిన యోగం. అశోక బెరడు కషాయంలో బెల్లం, ఆరెపువ్వు, శొంఠి, జీలకర్ర, తుంగముస్తలు, త్రిఫలాలు, అడ్డసరం, చందనం మొదలైనవి చేర్చి పులియబెడతారు. పులియుట వలన ఇందులో కొంత మద్యసారం తనంతట తానే ఏర్పడుతుంది.

అధిక రుతుస్రావం, బహిష్టు నొప్పి, తెల్లబట్ట వీటిలో ఈ ఔషధాలను వైద్యులు సూచిస్తారు.

ఆధునిక పరిశోధన

బెరడులో టానిన్లు, కాటెచిన్, ఎపికాటెచిన్, ఇతర ఫ్లేవనాయిడ్లు ఉన్నట్లు గుర్తించారు. వగరు రుచికి టానిన్లే కారణం. ప్రయోగశాలలలోను, జంతువులపైనను గర్భాశయంపై దీని ప్రభావాన్ని పరిశీలించారు. అయితే ఎక్కువమంది స్త్రీలపై కట్టుదిట్టంగా జరిగిన పరీక్షలు చాలినన్ని లేవు. కనుక సంప్రదాయంలో దీనికి గల ప్రసిద్ధిని శాస్త్రీయ నిరూపణగా భావించరాదు.

జాగ్రత్తలు

అధిక రక్తస్రావం ఒక లక్షణమే గాని ఒకే వ్యాధి కాదు. గర్భాశయంలోని కణితులు, హార్మోన్ల అసమతుల్యత, థైరాయిడ్ లోపం, గర్భాశయ క్యాన్సర్ ఇవన్నీ దానికి కారణాలు కావచ్చు. కారణం తెలియకుండా నెలల తరబడి అరిష్టం త్రాగుతూ కాలయాపన చేస్తే అసలు వ్యాధి ముదిరిపోవచ్చు.

* ముట్లుడిగిన తరువాత మరల రక్తస్రావం కనిపించినా, గర్భవతికి రక్తస్రావమైనా వెంటనే వైద్యపరీక్ష అవసరం.
* ఎక్కువగా రక్తం పోయిన స్త్రీకి రక్తహీనత ఏర్పడుతుంది. ఆయాసం, నీరసం ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.
* గర్భిణులు ఈ మందులను సొంతంగా వాడరాదు. అరిష్టంలో బెల్లం, మద్యసారం ఉంటాయి గనుక మధుమేహం, కాలేయ వ్యాధులు గలవారు వైద్యుని సలహా లేకుండా తీసుకొనరాదు.
* ఇంటి ముందరి నరమామిడి బెరడు తీసి అశోకమని కషాయం కాచుకొనరాదు.

సాహిత్యం, ఆచారాలు

రామాయణంలో రావణుడు సీతను అశోకవనంలో ఉంచాడు. మన్మథుని పంచబాణాలలో అశోక పుష్పం ఒకటి. స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందని కవిసమయం. ఇట్లు చెట్టును పూయించే క్రియకు దోహదమని పేరు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో మాళవిక ఈ దోహదాన్ని నిర్వహిస్తుంది. నేడు తెలుగులో తోడ్పాటు అనే అర్థంలో వాడే దోహదం ఈ మాటే. బెంగాల్‌లో చైత్రమాసపు అశోక షష్ఠినాడు తల్లులు బిడ్డల క్షేమం కోరి అశోక మొగ్గలు తింటారు. ఒడిషా రాష్ట్ర పుష్పం కూడా అశోకమే.

సంరక్షణ

అశోకం పశ్చిమ కనుమలు మొదలైన తేమగల అడవులలో సహజంగా పెరుగుతుంది. మందుకు పనికివచ్చేది బెరడు కనుక, కాండం చుట్టూ ఒలిచివేస్తే ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు చేరక చెట్టు చనిపోతుంది. ఇట్లు విచక్షణ లేకుండా ఒలుచుట వలనను, అడవులు తగ్గుట వలనను, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి దీనిని ముప్పునకు గురికాగల జాతులలో చేర్చినది. కాండానికి ఒక ప్రక్కనే, కొద్ది వెడల్పున బెరడు తీసి గాయం మానేవరకు ఆగితే చెట్టు బ్రతుకుతుంది. తాజా గింజలను నాటి మొక్కలను పెంచవచ్చు.