తోటమడికి చెక్కగట్టు: ఒక చారిత్రక పరిశీలనము

పూలమొక్కలకును కూరమొక్కలకును మడులు గట్టి, ఆ మడులకు అంచులు తీర్చుట తోటపనిలో మిక్కిలి చిన్నపనిగా కన్పట్టును గాని, నీరు పెట్టినపుడు మన్ను కాలిబాటమీదికి జాఱిపోకుండుటకును, ఎరువు మడిలోనే నిలుచుటకును, గడ్డివేళ్లు ప్రక్కనుండి చొరబడకుండుటకును ఆ అంచే ఆధారము. మన ప్రాంతమున ఈ పనికి మట్టిగట్టు చాలుచుండెడిది. కొంచెము సౌష్ఠవము కోరినవారు ఇటుకలను ఱంపపుపండ్లవలె ఏటవాలుగా నాటించి సున్నము వేయించెడివారు. పలకలతో అంచు కట్టుట వృక్షసమృద్ధి గల శీతలదేశములందు ప్రబలిన ఆచారము. నేడు మన నగరములలో మిద్దెతోటలు పెంచువారును, పెరటిలో ఎత్తుమడులు కట్టుకొనువారును దానిని చేపట్టుచున్నారు కావున, ఆ చెక్క ఎట్టిదై యుండవలెనను ప్రశ్న మనకును వచ్చినది. చెక్క ఎన్నాళ్లు మన్నునను విచారము అతిప్రాచీనము. మన్నుటకై దానికి పట్టించిన మందు మడిమట్టిలోనికి ఏమి విడుచునను విచారము మాత్రము నిన్నమొన్నటిది. ఈ రెండింటి నడుమ గడచిన కాలమే ఈ విషయముయొక్క చరిత్ర.

క్రీస్తుశకము 1వ శతాబ్దివాడగు రోమక గ్రంథకర్త ప్లినీ, దేవదారుజాతి తైలము పూసిన వస్తువులకు పురుగును కుళ్లును సోకవని వ్రాసినాడు. మన వరాహమిహిరుడు 6వ శతాబ్దిలో రచించిన బృహత్సంహితయందు, ప్రతిమలకు కలప తెచ్చు విధి చెప్పు వనప్రవేశాధ్యాయములో, శ్మశానమునను, బాటలమీదను, పుట్టలమీదను పెరిగిన చెట్లను వర్జ్యములుగా పేర్కొనినాడు. ఆ నిషేధములలో శుభాశుభవిచారమే ప్రధానమైనను, పుట్టమీది చెట్టును విడువుమనుటలో చెదలనెఱిగిన చూపు కూడ కలదని నాకు తోచుచున్నది. గుంజల మొదళ్లను సెగపై నల్లగా కాల్చి పాతుట అనేకదేశములలో కానవచ్చు మఱియొక ఉపాయము. ఆ మసిపొరను శిలీంధ్రములు తినజాలవు గాని, పొర పగిలిన చోటినుండి తడి లోపలికి దిగక మానదు కావున, దానివలన కలుగు మేలు పరిమితమే.

అంచుచెక్కను గూర్చియే ప్రత్యేకముగా, అనుభవజ్ఞుని కంఠముతో పలికినవాడు 17వ శతాబ్ది లండనువాసియు, ఔషధవిక్రేతయు, ఉద్యానవిద్యాపారంగతుడును అగు జాన్ పార్కిన్సన్. 1629లో వెలువడిన తన పుష్పోద్యానగ్రంథములో ఆయన మడుల అంచులకు తగు ద్రవ్యములను వరుసగా పరీక్షించినాడు. సీసపురేకు, సింధూరవృక్షపు పలక, గొఱ్ఱెల కాలియెముకలు, పెంకులు, గుండ్రని గులకఱాళ్లు, ఇవన్నియు ఆ కాలపు తోటమాలులు వాడినవే. అంగుళము మందమును నాలుగైదంగుళముల వెడల్పును గల పలక నిడుపైన మడులకు తగును గాని వంపులకు లొంగదనియు, ఎల్లప్పుడును ఎండవానలలో నుండుటచే చిరకాలము నిలువదనియు, రెండు పలకలను కలిపి మేకు కొట్టిన కొసలే మొట్టమొదట కుళ్లుననియు ఆయన నిర్ణయము. నేటికిని ఏ పాతమడి మూలనైనను చూడుడు: పలక నడిమిభాగము గట్టిగానే యుండగా, మేకుచుట్టును కొసయందును పీచు నల్లబడి వ్రేలితో నొక్కిన పొడియగుచుండును. కఱ్ఱ నీటిని అడ్డముగా కంటె కొసనుండియే త్వరగా పీల్చుకొనుట దీనికి కారణము. ఇంత నిశితముగా చూచిన పార్కిన్సన్, సీసమునకు చెప్పిన దోషములు రెండు: అది వేసవిని మిక్కిలి వేడెక్కునట, చలికాలమున మిక్కిలి చల్లబడునట. అది విషమన్న మాట ఆయన లెక్కకు రాలేదు. తరువాతి రెండువందల యేండ్ల చరిత్రకు ఈ మౌనమే పీఠిక.

19వ శతాబ్ది 4వ దశకమున రసాయనశాస్త్రము కఱ్ఱలోనికి ప్రవేశించెను. నౌకలను తినివేయు కుళ్లునుండి బ్రిటిషువారి కలపను కాపాడుటకై 1832లో జాన్ హోవార్డ్ కయాన్ పాదరసలవణమును, 1838లో విలియం బర్నెట్ తుత్తునాగపు లవణమును ప్రతిపాదించిరి. ఫ్రాన్సున బూషరీ అను వైద్యుడు పచ్చిచెట్టుయొక్క రసనాళములగుండ మైలతుత్తపు ద్రవమును నడపించెను. వీరినందఱిని మించినవాడు జాన్ బెథెల్. ఆయన 1838లో పేటెంటు పొందిన పద్ధతి నేటికిని మూలరూపమున సాగుచున్నది: కలపను ఇనుపగొట్టమువంటి పెద్దపాత్రలో మూసి, కఱ్ఱకణములలోని గాలిని తోడివేసి, పిమ్మట నేలబొగ్గు తారునుండి దింపిన క్రియోసోటు నూనెను ఒత్తిడితో కొట్టించుట. రైలుమార్గములు విస్తరించు కాలమగుటచే ఈ నూనెకు వెంటనే గిరాకి వచ్చెను. మన దేశమున 1853లో బొంబాయి-ఠాణాల నడుమను, 1856లో చెన్నపట్టణపు రాయపురమునుండి ఆర్కాటువైపునను బండ్లు నడచుటతో పట్టాలక్రింది స్లీపరుదిమ్మలకై టేకు, సాల, దేవదారు వృక్షములు లెక్కకు మిక్కిలిగా కూలినవి. చాలనిచోట నూనె పట్టించిన పైనుచెక్క సీమనుండి ఓడలలో వచ్చెను. అడవుల తఱుగుదలను చూచి భయపడిన ప్రభుత్వము సామాన్యపు కలపకు దీర్ఘాయువు కల్పించు మార్గములను వెదకసాగెను. 1906లో డెహ్రాడూనున స్థాపితమైన అటవీపరిశోధనాలయమునకు అదియొక ముఖ్యకార్యమయ్యెను.

ఇచట 1933వ సంవత్సరము ఆగి చూడదగినది. పొగగొట్టములు తుడుచువారికి మసివలన పుండు పుట్టుచున్నదని లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే గుర్తించియుండెను. 1915లో జపానుదేశస్థులు యామగివా, ఇచికావా నేలబొగ్గు తారును కుందేళ్ల చెవులకు పలుమాఱు పూసి రాచపుండును పుట్టించిరి. 1933లో లండను శాస్త్రజ్ఞులు ఆ తారునుండి రాచపుండును పుట్టించు ద్రవ్యమునొకదానిని వేఱుచేసిరి. బెథెల్ నూనెకు ముడిసరకు ఈ తారే. ఆ సంవత్సరమే డెహ్రాడూనులో శొంఠి కామేశంగారు, ఇంటిపేరునుబట్టి తెలుగువారు, రాగి, క్రోమియము, పాషాణములను, అనగా ఆర్సెనిక్కును, కలిపిన క్రొత్త ద్రవమును కనుగొనిరి. ఆస్కు అను వ్యాపారనామముతో అది లోకమంతట వ్యాపించెను. పూర్వపు లవణములకు గల ప్రధానదోషము వానకు కరగి కొట్టుకొనిపోవుట. కామేశంగారి కూర్పులో రాగి శిలీంధ్రములను, పాషాణము చెదపురుగును, రాగికి లొంగని శిలీంధ్రములను చంపును. క్రోమియము ఈ రెండింటిని కఱ్ఱపీచునకు అంటగట్టి కదలనీయదు. ఆరిన చెక్క వాసనలేక, నూనెజిడ్డు లేక, పచ్చనిచాయతో తేలును. తంతిస్తంభములకును, గనులకును, వంతెనలకును ఇంతకంటె ఉపకారకమగు సృష్టి ఆ కాలమున లేదు. దానివలన మిగిలిన అడవులు కొలతకందవు. తెలుగువారు తమ శాస్త్రజ్ఞులను స్మరించునపుడు ఈ పేరు వినబడకుండుట విచారకరము.

దోషము వచ్చినది వాడుకలో. 1970 ప్రాంతమునుండి అమెరికాలో ఈ పచ్చచెక్క ఇంటి వసారాలకును, పిల్లల ఆటస్థలములకును, తుదకు కూరమడుల అంచులకును దిగినది. నూతనముగా బయలుదేఱిన ఒక తరహా కూర్పులో ఆక్సైడుల లెక్కన నూటికి 34 పాళ్లు పాషాణమే. క్రోమియము కట్టివేసినదనుట నిజమే గాని, కట్టు సంపూర్ణము గాదు. చెక్కకు తగిలియున్న మట్టిలో పాషాణము హెచ్చి, కొన్ని అంగుళముల దూరము పోవుసరికి తగ్గుచుండుట పరిశీలనలలో తేలినది. దుంపకూరలకును ఆకుకూరలకును దీనివలన భయము హెచ్చు. అందును మొక్క పీల్చుకొనుదానికంటె, కడిగినను పోక వేరునకును ఆకునకును అంటియుండు మట్టిద్వారా లోనికి పోవునదే పెద్దది. చెక్కను ముట్టిన పిల్లలు వ్రేళ్లు నోట పెట్టుకొందురు. ఈ విచారములన్నియు పరిపక్వమై, 2003 డిసెంబరు 31తో అమెరికాలో ఉత్పత్తిదారులు గృహోపయోగపు కలపకు ఈ మందు పట్టించుట మానుకొనిరి. 2004లో ఐరోపా, 2006లో ఆస్ట్రేలియా నిర్బంధములు విధించినవి. క్రియోసోటును సామాన్యజనులు కొనివాడుట ఐరోపాలో 2003లోనే ఆగినది. 1930ల నాటి మఱియొక మందగు పెంటాక్లోరోఫీనాలును 2015లో స్టాక్‌హోమ్ ఒడంబడికలో చేర్చి లోకమంతట వర్జింపనెంచిరి.

ఇంతలో మఱియొక విపరీతము జరిగెను. కాంక్రీటు స్లీపర్లు వచ్చి పాతదిమ్మలను త్రోసివేయగా, బ్రిటను మొదలగు దేశములలో ఆ దిమ్మలే తోటల అంచులకు చవుకసరకైనవి. బరువుగా, నిశ్చలముగా, పురాతనశోభతో అవి కన్నుల కింపుగానే యుండును. కాని మండువేసవి మధ్యాహ్నమున అట్టి దిమ్మ దగ్గఱ కూర్చుండి చూచినవానికి, పగుళ్లనుండి నల్లని బిందువులు ఊఱి, ప్రక్కగా జాఱి, మట్టిపై పడుట కనబడును; తారువాసన ముక్కునంటును. ముప్పదియేండ్లు పట్టాలక్రింద పడియుండినను లోని నూనె చావదు. అలంకారార్థము బాటప్రక్కను వేసికొన్నను, తినెడిది పండించు మడికి ఇది పనికిరాదని నిశ్చయముగా చెప్పవచ్చును.

పాషాణమునకు మాఱుగా వచ్చినవి రాగిప్రధానములగు మందులు. వీనిలో పాషాణము లేదు, క్రోమియము లేదు. మడులకు వీనిని సాధారణముగా అనుమతింతురు. రాగి ఎక్కువగుటచే ఇవి ఇనుపమేకులను త్వరగా తినును గాన, స్టెయిన్‌లెస్ స్టీలు మేకులో, వేడి తుత్తునాగములో ముంచినవో వాడవలెను. టంకణసంబంధమగు మందులు మనుష్యునకు మృదువైనవే గాని వానకు కరగిపోవును; నేలనంటు చెక్కకు వానివలన ప్రయోజనము స్వల్పము.

మన నేలపై అన్నింటికంటె పాతమార్గమే నాకు మేలనిపించును: మందెక్కించిన పనికిమాలిన కలపకంటె, తనంతట చేవగల కలప. కలప సహజమగు మన్నికను డెహ్రాడూనువారు ముక్కలను నేలలో పాతి పరీక్షించి, 120 నెలలు దాటి నిలుచునది మొదటితరగతి, 60 నుండి 120 నెలలు రెండవది, అంతకు తక్కువది మూడవదియని విభజించిరి. చేవటేకు మొదటిదానికి చెందును. ఏ చెట్టుదైనను చేవ పట్టని పైభాగపు తెల్లచెక్క ఈ గౌరవమునకు పాత్రము గాదు. అడితిలో టేకు పేరిట తెల్లచెక్క అంటగట్టుట అపూర్వము గాదు గనుక, పలక నాలుగుప్రక్కలును చూచి కొనవలెను. తాటిచెట్టు వెలుపలి నల్లని చేవపట్టెలు వాసములై ఎన్ని తరముల కప్పులను మోసినవో చెప్పనక్కఱలేదు. సరుగుడు, జామాయిల్ బాదులు చవుక. రెండుమూడేండ్లకు మార్చుకొనుటకు సిద్ధపడినవారు నిస్సంకోచముగా వాడవచ్చును.

పడగొట్టిన పాతయిండ్ల ద్వారబంధములు ఉత్తమమగు చేవటేకే యైనను, వానిపైని పాతరంగులో సీసము ఉండవచ్చును. మన దేశమున ఇండ్లరంగులలో సీసమును మిలియనుకు 90 పాళ్లకు తగ్గించిన నియమము 2016 నాటిది మాత్రమే. అట్టి చెక్కను పొడి ఎగురకుండ తడిపి గీకి, ఆ పొట్టును తోటకు దూరముగా పాఱవేయవలెను. సరకుల ప్యాలెట్లను విప్పి మడులు కట్టువారు చెక్కమీది ముద్ర చదువవలెను: 2002లో ఏర్పడిన అంతర్జాతీయనియమము ననుసరించి, హెచ్.టి. అని యుండినచో లోగర్భమువఱకు 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచినదని అర్థము, అది గ్రాహ్యము, ఎమ్.బి. అని యుండినచో మిథైల్ బ్రోమైడు పొగ పట్టించినది, దానిని విడువవలెను. ముద్ర లేనిదానిని, మరకలున్నదానిని కూడ విడువుడు. మన ఊళ్లలో గుంజలకు పూయు పాడైన ఇంజనునూనె అన్నింటికంటె నింద్యము; చెదలను అది ఆపునది కొన్నాళ్లు, మట్టిలో నిలుచునది చాలకాలము.

ఇప్పటికే పచ్చచెక్క అంచులు కట్టియున్నవారు కలవరపడనక్కఱలేదు. ఆ మడిలో కూరలు మాని పూలు వేసికొనుడు. లేదా అంచునుండి జానెడు వదలి నాటి, మట్టికి కంపోస్టు పుష్కలముగా చేర్చి, దుంపలను చెక్కు తీసి వండుకొనుడు. ఊడదీసిన నాడు మాత్రము ఆ చెక్కను పొయ్యిలోను, భోగిమంటలోను వేయవలదు: పాషాణము కాలి నశించునది గాదు, కొంత పొగలో లేచును, తక్కినది బూడిదలో మిగులును, ఆ బూడిదను ఎరువని మరల మడికి చల్లువారు మనలో ఎందఱో కలరు.