కెమెరా బరువు - మోసే చెయ్యి

పనిముట్టును ఎన్నుకోవడం బజారు వ్యవహారంగానే కనిపిస్తుంది. ధర ఎంత, బరువు ఎంత, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది అని విచారించి కొనుక్కుంటాం. కాని ప్రతి పనిముట్టు వెనుకా శ్రమకు సంబంధించిన చరిత్ర ఒకటి వున్నది. ఆ చరిత్రను విస్మరించి చేసే ఎన్నిక సగం ఎన్నికే అవుతుంది.

ఇవాళ మాదాపూర్ సైబర్ టవర్స్ మొదలు గచ్చిబౌలి దాకా ఏ సాయంత్రం చూసినా, మోటార్లు అమర్చిన చిన్న పిడిమీద కెమెరా పెట్టుకొని వెనక్కి నడుస్తూ చిత్రం తీసే యువకులు కనిపిస్తారు. పెళ్ళి చిత్రాలు, కంపెనీల వార్షికోత్సవాలు, ఇళ్ళ అమ్మకపు ప్రకటనలు వారి పని. చేతి వణుకును చిత్రంలోకి రానివ్వని ఆ పిడిని గింబల్ అంటున్నారు. కిలోకు తక్కువ బరువున్న గింబల్స్ కూడా వచ్చాయి. ఒకనాడు పదిమంది చేసిన పనిని ఇవాళ ఒక్కడు చేస్తున్నాడు. అయితే ఆ పదిమంది మోసిన బరువు ఏమయింది? మన విచారణ ఈ ప్రశ్నతో మొదలుకావాలి.

హైదరాబాదులో ఛాయాగ్రహణం దర్బారు నీడన పెరిగింది. 1880 దశకంలో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆదరణ పొందిన రాజా దీన్ దయాళ్ కాలంలో కెమెరా అంటే పెద్ద చెక్కపెట్టె, గాజు పలకలు, మూడుకాళ్ళ స్టాండు. యంత్రం కదలరాదు; ఎదుట వున్న మనిషీ కదలరాదు. నిజామైనా, నౌకరైనా ఆ క్షణం బిగుసుకొని నిలబడవలసిందే. అంటే నాటి స్థిరత్వానికి మూల్యం చెల్లించినది చిత్రంలోని మనిషి.

చలనచిత్రం వచ్చిన తర్వాత కెమెరా కదలవలసివచ్చింది. అమీర్‌పేట సారథి స్టూడియోలో తయారై 1959లో విడుదలైన ‘మా ఇంటి మహాలక్ష్మి’ నాటినుంచి హైదరాబాదులో చిత్రనిర్మాణం వేళ్ళూనుకున్నది. స్టూడియోలో కెమెరా కదలాలంటే నేల చదును చేయాలి, పట్టాలు పరచాలి, ట్రాలీ తొయ్యాలి, క్రేను ఎత్తాలి దించాలి. తెరమీద నాయిక వెంట కెమెరా మెత్తగా సాగిపోతే ప్రేక్షకుడు దర్శకుణ్ణి మెచ్చుకున్నాడు. ఆ మెత్తదనం ట్రాలీ తోసినవాడి అడుగులోనూ వున్నది. అతని పేరు మాత్రం తెరమీదకు రాలేదు. స్థిరత్వం అప్పుడు సమష్టి శ్రమ ఫలితం.

ఈ స్థితిని మార్చినవాడు అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్. 1970 దశకంలో అతడు రూపొందించిన స్టెడీక్యామ్ సూత్రం కావడి మోసేవారికి కొత్తది కాదు. ఒక కడ్డీకి పైకొసన కెమెరా, కిందికొసన బ్యాటరీ, చిన్న తెర; తూకం నిలిచేచోట అన్నివైపులకూ తిరిగే కీలు. కావడిని నిలువుగా నిలబెట్టినట్లు! బరువులు ఒకదానికొకటి దూరంగా వున్నందున ఆ కడ్డీ చిన్న కుదుపుకు తిరగదు. తాడుమీద నడిచేవారు పొడవాటి గడ పట్టుకొనేది ఇందుకే. దీనికి స్ప్రింగుల చెయ్యి ఒకటి తోడై అడుగుల అదురును మింగివేస్తుంది. ఆ చెయ్యి ఆపరేటరు తొడుక్కున్న కవచంవంటి చొక్కాకు తగిలివుంటుంది. బరువు చేతులమీద పడక నడుముకూ తుంట్లకూ చేరుతుంది.

ఇందులో బ్యాటరీ స్థానం గమనించదగినది. అది విద్యుత్తును ఇవ్వడమే కాక, తన బరువుతో తూకాన్నీ నిలుపుతున్నది. అది ఖాళీ అయితే తెర ఆరిపోవచ్చు గాని తూకం చెడదు.

స్టెడీక్యామ్‌ను మొదట వాడిన చిత్రం 1976 నాటి ‘బౌండ్ ఫర్ గ్లోరీ’. అది ఆర్థికమాంద్యపు రోజులలో వలసకూలీల మధ్య తిరిగిన ప్రజాగాయకుడు వుడీ గత్రీ కథ. బ్రౌన్ క్రేనుమీదనుంచి కెమెరాతోసహా కిందికి దిగి, అడుగు నేలమీద పెట్టి, వలసకూలీల శిబిరంలో జనం మధ్యగా నడిచాడు. ఎత్తునుంచి జనాన్ని చూస్తున్న దృష్టి జనంలో ఒకటై నడవడమే ఆ దృశ్యంలోని విశేషం. కొత్త సాధనం తగిన వస్తువును దొరకబుచ్చుకున్నదని మనం సంతోషించవచ్చు.

తెలుగులో ఈ సాధనాన్ని విస్తారంగా వాడుకున్న తొలి చిత్రాలలో ముఖ్యమైనది 1989 అక్టోబరులో విడుదలైన ‘శివ’. దర్శకుడు రాంగోపాల్‌వర్మకు అది మొదటి చిత్రం, ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి. పట్టాలు పరచడానికి వీలులేని ఇరుకు సందులలో, కాలేజీ వరండాలలో కెమెరా పాత్రల వెంట పరుగెత్తింది. ఆ చిత్రంలోని హింసను గురించి విమర్శలు వుండవచ్చు. నగరపు సందును సెట్టింగు చేయక సందుగానే చూపడం మాత్రం ముందడుగు.

అటుపై రెండు మార్పులు జరిగాయి. 1991లో సోనీ సంస్థ లిథియం అయాన్ బ్యాటరీని బజారుకు తెచ్చింది. తక్కువ బరువులో ఎక్కువ శక్తి నిలవచేయడం సాధ్యమయింది. 2013లో ఫ్రీఫ్లై సంస్థ మూడు మోటార్ల మోవీ గింబల్‌ను ప్రకటించింది. ఒరుగును కొలిచే సూక్ష్మపరికరాలు క్షణక్షణం కబురందిస్తే మోటార్లు కెమెరాను ఎదురు తిప్పి నిలబెడతాయి. మరుసటి ఏడు డీజేఐ సంస్థ రోనిన్ వచ్చింది. దాని బరువు నాలుగు కిలోలకు పైమాటే. పదేళ్ళు తిరగకముందే, 2023లో, అదే సంస్థ సుమారు 800 గ్రాముల గింబల్‌ను రెండు కిలోల కెమెరా మోస్తుందని చెప్పి అమ్మింది.

ఇక్కడే అసలు విషయం దాగివున్నది. యంత్రం తేలికయింది కనుక శ్రమ తేలికయిందనుకోవడం పొరపాటు. గింబల్ వణుకును ఆపుతుందేకాని బరువును మొయ్యదు. స్టెడీక్యామ్ నడుముకు చేర్చిన బరువును ఇది తిరిగి మణికట్టుకు తెచ్చింది. చొక్కా పోయింది, స్ప్రింగుల చెయ్యి పోయింది. మిగిలినది మనిషి చెయ్యి. కిలోన్నర కెమెరా, దాని కింద 800 గ్రాముల పిడి కలిస్తే రెండుకిలోల మూడువందలు. అంత బరువును ఛాతీకి ఎడంగా పట్టుకొని నడవాలి. బ్యాటరీ పది గంటలు నిలుస్తుందని పెట్టెమీద వుంటుంది. భుజం ఎన్ని గంటలు నిలుస్తుందో ఏ పెట్టెమీదా వుండదు!

ఆ పది గంటలు కూడా తూకం సరిగా కుదిర్చి, కదలకుండా వుంచినప్పటి లెక్క. తూకం తప్పితే మోటార్లు నిరంతరం పెనుగులాడి బ్యాటరీని తాగివేస్తాయి. అది ఖాళీ అయిన క్షణాన కెమెరా తలవాల్చివేస్తుంది. బ్యాటరీ ఇప్పుడు తూకపురాయి కాదు, స్థిరత్వానికి ప్రాణమే అయింది.

కాబట్టి ఎన్నిక విషయంలో కొన్ని మాటలు చెప్పవలసివున్నది. గింబల్ ఎంత మోయగలదన్నదానికన్నా, కెమెరా, కటకం, గింబల్, బ్యాటరీ అన్నీ కలిపి మన చెయ్యి ఎంత మోయగలదన్నది ముందు చూడాలి. పిడిలో కలిసిపోయిన బ్యాటరీకన్నా విప్పి మార్చగలది రోజల్లా పనిచేసేవాడికి మేలు. విడి బ్యాటరీలు కొనేవారు మిల్లీ ఆంపియర్ల అంకె చూసి మోసపోరాదు; వోల్టులను ఆంపియర్ గంటలతో గుణిస్తే వచ్చే వాట్ గంటలే అసలు కొలత. 14.4 వోల్టులు, 6.8 ఆంపియర్ గంటలు అయితే సుమారు 98 వాట్ గంటలు. విమానంలో వెంట తీసుకుపోవడానికి సాధారణ పరిమితి 100 కనుకనే ఆ కొలత బ్యాటరీలు అంత విరివిగా వున్నాయి. మే నెల ఎండలో మూసిన కారులో వాటిని వదలడం వాటి ఆయుష్షును తగలబెట్టుకోవడమే.

ఇవి కొనేవాడి జాగ్రత్తలు. సమాజం పడవలసిన జాగ్రత్త వేరే వున్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ఈ ప్రాంతం ‘ఒక్కడే అన్నీ చేయడం’ అన్న నీతిని కీర్తిస్తున్నది. 2025 ఆగస్టులో తెలుగు చలనచిత్ర కార్మికులు 30 శాతం వేతనాల పెంపు కోరి సమ్మెచేశారు. సమ్మె చేయగలిగారంటే వారికి సంఘం వున్నది, కాల్‌షీటు వున్నది, కలిసి పనిచేసిన అలవాటు వున్నది. పెళ్ళి మంటపంలో ఒంటరిగా గింబల్ పట్టినవాడికి కాల్‌షీటు ఏది? బ్యాటరీ ఆరేదాకా అతని పనిదినం సాగుతుంది. రెండో బ్యాటరీ వుంటే మరికొంత సాగుతుంది.

తేలిక యంత్రం రావడం మంచిదే. స్టూడియో గడప తొక్కలేని పేద యువకుడి చేతికి అది కెమెరాను ఇచ్చింది. సైబరాబాద్ అద్దాల మేడలమీద జారిపోయే కెమెరానే, ఆ మేడలు కట్టిన వలసకూలీల మధ్యకు ‘బౌండ్ ఫర్ గ్లోరీ’లోవలె నడిపించనూవచ్చు. అందుకు మోసేవాడి చేతికి విశ్రాంతి కావాలి, పక్కన మరొక మనిషి కావాలి, ఆ మనిషికి కూలి కావాలి. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ ఖర్చును కూడా లెక్కలో వేయమని పని చేయించుకొనేవారిని అడగడం నేర్చుకోవలసివున్నది.