ఎఱ్ఱనూనె చరిత్రము

1939 శరదృతువున అమెరికా దేశపు జనరల్ మోటార్స్ సంస్థవారు, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో హైడ్రామాటిక్ అను గేరుపెట్టెను అమర్చి, క్లచ్ పెడలును తొలగించి, చోదకుని యెడమకాలికి శాశ్వతవిశ్రాంతి నొసంగిరి. ఆ పెట్టెలో పండ్లచక్రములు, పట్టీలు, క్లచ్ పలకలు ఎన్నియో యున్నను వానిని నడుపునది మాత్రము నూనెయే. ఇంజను బలము నందుకొని చక్రముల వైపునకు పంపునదియు, పలకలను బిగించునదియు, పుట్టిన వేడిని మోసికొనిపోవునదియు అదియే. కందెన యన్న మాట దానికి చాలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ పెట్టెయే ఎమ్5 స్టూవర్ట్ ట్యాంకులలోను పనిచేసెను.

1949లో ఆ సంస్థయే టైప్ ఎ అను పేర ఈ నూనెకొక ప్రమాణము నేర్పఱచినది. పలకలు కుదుపు లేక, జారిపోక పట్టుకొనుటకై ఇట్టి నూనెలలో స్పెర్మ్ తిమింగలపు తైలమును కలిపెడివారు. నగరవీథులలో మెత్తగా సాగిపోవు కారు వెనుక ఒక సముద్రజీవి ప్రాణమున్నదని కొన్నవారిలో నెందఱెఱుగుదురో! 1970లో అమెరికా ప్రభుత్వము ఆ తిమింగలమును అంతరించుచున్న జీవుల పట్టికలో చేర్చగా, దాని తైలమునకు మాఱుద్రవ్యములు వెదకవలసివచ్చెను. అట్లు వచ్చిన డెక్స్‌రాన్ 2 అను నూనె తొలికూర్పులలో నొకటి, నూనెను చల్లార్చు కూలరు లోహమునే తినివేయుటచే దానిని మరల సవరింపవలసివచ్చెను. నూనె మార్చినచో పెట్టె చెడునని కొందఱు పడు భయము నాకు వట్టి మూఢవిశ్వాసముగా తోపకపోవుటకు ఇదియొక కారణము.

పాతపెట్టెలలో పెక్కింటికి, ఇంజను బలమును నూనె ద్వారా అందించు టార్క్ కన్వర్టరు నుండియు నూనె వంపుటకు మరబిరడా యుండెడిది. క్రమముగా అది కనుమఱుగు కాగా, అడుగు పళ్లెము విప్పి వంచినను కొంతభాగమే దిగి, తక్కిన పాతనూనె కన్వర్టరులోనే నిలిచి క్రొత్తదానితో కలియుచుండెను. ఆ లోటు తీర్చుటకై వచ్చినదే ఫ్లష్ యంత్రము. దానిని కూలరు గొట్టములకు తగిలించి ఇంజను నడిపినచో, ఒకవైపున పాతనూనె వెడలుచుండ, వేఱొకవైపున క్రొత్తది లోనికి చేరును. మన దేశమున అంబాసిడరు, ఫియట్ల కాలమున గేరు చేతితో వేయుటయే కాన ఈ యంత్రమునకు తావు లేకపోయెను.

యంత్రమునకు చెడ్డపేరు రాక తప్పలేదు. లక్ష కిలోమీటర్లు క్రొత్తనూనె మొగము చూపని కారును, గేరు జారుట మొదలైన పిదప షెడ్డుకు తెచ్చు యజమానులు ఎల్లచోట్లను కలరు. అరిగిన పలకలు కడిగిన మఱునాడే చేతులెత్తివేసినచో నేరము కడిగినవానిపై బడును. అట్లని యంత్రము నిర్దోషియు కాదు. పెట్టెలోని పంపు ఒత్తిడితోనే నూనె మార్చు విధము వేఱు. బయటి ఒత్తిడితోనో, మడ్డిని కరగించు రసాయనముతోనో తోముట వేఱు. ఈ రెండవది అడుగున పేరుకొన్న మడ్డిని కదల్చి, వెండ్రుకవాసి సందులలో కదలు వాల్వులకు చేర్చి వానిని బిగియింపగలదు. తయారీదారు చెప్పిన రకమును విడిచి, అన్ని కార్లకు ఒకే పీపా నూనె పోయుట అంతకన్నను హానికరము.

ఫ్లష్ చేయించుటకు ముందు గేరుపెట్టె కొలపుల్ల నుండి తెల్లకాగితముపై ఒక చుక్క వేసి చూడుడు. అది ఎఱ్ఱగా, తేటగా పరచుకొన్నచో పెట్టె పంపు ఒత్తిడితోనే చేయు ఫ్లష్ వలన భయపడ బనిలేదు. నల్లబడి మాడువాసన వేయుచున్నచో, ముందు పళ్లెము విప్పించి, అందలి అయస్కాంతమునకు అంటినదేమో మీ కన్నులతో చూడుడు. మెత్తని బూడిదరంగు పొడి మాత్రమే యున్నచో ఫిల్టరు మార్పించి, నూనెను విడతలుగా మార్పింపుడు. మెఱయు లోహపు ముక్కలున్నచో ఆ పెట్టెను ఏ నూనెయు కాపాడదు.