తుపాకి గజము

కాళేశ్వరమునకు ఆవలి దిక్కున, ప్రాణహిత తూర్పు గట్టున నున్న సిరోంచ నేడు మహారాష్ట్రములోనిది. అయినను అచట తెలుగు మాట నేటికిని వినవచ్చును. 1860లో నిజాము నుండి ఆంగ్లేయులకు సంక్రమించిన ఈ సీమ ఎగువ గోదావరి జిల్లా యయ్యెను; సిరోంచ దానికి ముఖ్యస్థానము. 1874లో అది చాందా జిల్లాలో కలిసెను. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడెను. ఈ మార్పులన్నియు గ్రంథస్థములే. ఇచటి అటవీ గ్రామములలో చిరకాలము నిలిచిన భర్మారు తుపాకిని, అందులోను దాని గజమును తలచినవారు మాత్రము అరుదు.

భర్మారు అనగా మూతి నుండి నింపెడు తుపాకి. మొదట మందు పోసి, దానిపై పీలిక దిగగొట్టి, ఆపై గుండు గాని రవలు గాని వేసి, మరల పీలికతో బిగింపవలెను. అట్లు బిగించు కడ్డీయే గజము. బట్ట కొలుచు గజమునకును దీనికిని పారసీక పదమొక్కటే. గొట్టము క్రింది గాడిలో ఒదిగియుండు ఆ కడ్డీ విరిగెనా, చేనిపై అడవిపందుల మంద పడిన రాత్రి కాపు చేతిలోని తుపాకి దుడ్డుకర్రతో సమానము.

1858లో గోండు వీరుడు బాబూరావు శేడ్మాకే ప్రాణహిత తీరమున తిరుగబడెను. చించ్‌గుండి యొద్ద తంతిశాఖకు చెందిన గార్ట్‌లండ్, హాల్ అనువారు హతులైరి. ఆ యేటి అక్టోబరు 21న బాబూరావును చాందాలో ఉరితీసిరి. నాటి తుపాకులు ఉభయపక్షములందును దాదాపు అన్నియు మూతి నింపుడువే. అయితే సర్కారు సిపాయి గజము ఉక్కుది. పోయినచో ఆయుధశాల నుండి మరియొకటి వచ్చును. అడవివానికి అడవియే ఆయుధశాల. ఐరోపాలోను ఒకప్పుడు కర్ర గజములే వాడుక. ప్రష్యా సైన్యము ముందుగా ఇనుప గజము చేపట్టెను. 1741లో మోల్‌విట్జ్ యుద్ధమున ఆ సైనికులు వడిగా కాల్చుటకు అదియు నొక కారణమని చరిత్రకారులందురు.

కర్ర గజము ఊరక విరుగదు. తొందరలో చేయి పైకి పట్టి ఒక్కుదుటున త్రోసినచో అది విల్లువలె వంగి, నార వాలుగా పోయిన చోట ఏటవాలుగా చీలును. ఆ మొన అరచేతిలో దిగిన గాయము గుండుదెబ్బకు తీసిపోదు. అందుచే మూతికి జానెడు ఎత్తున పట్టి కొద్దికొద్దిగా దింపవలెను. కొత్తదానికి కర్ర నెంచుటయే అసలు పని. ఆలపల్లి టేకు లోకప్రసిద్ధమే గాని కుదుపు నోర్చు గుణము దానికి తక్కువ. మరాఠీలో ధామణ్ అను చెట్టు, కావడిబద్దలకు పేరుపడినది, ఇందులకు మేలు. ముదిరిన గట్టి వెదురు, లోపల బోలు లేనిది, అంతకంటె సులభముగా దొరకును. కర్రను రంపమున కోయక నార వెంబడి చీల్చి, నీడన నారబెట్టి, సెగ చూపి వంపు తీసి, కణుపులు నున్నగా చెక్కవలెను. అది ఖాళీ గొట్టము అడుగు తాకిన తరువాత పట్టుటకు పైన కొంత మిగులవలెను. మూతి యంచున పడు చోట ఒక గీటు గీయవలెను.

తూటా తుపాకి పట్టణపు దుకాణమునకు కట్టుబడినది. భర్మారునకు విరిగిన భాగమును ఊరనే చేసికొనవచ్చును. అది ఇంతకాలము నిలుచుటకు ఇదియే ముఖ్యకారణమని మాకు తోచుచున్నది. 1878 ఆయుధ చట్టము, పిమ్మట 1959 చట్టము దానికి అనుమతి పత్రము కోరినవి. 1972 చట్టము వేటను నిషేధించినది. 1980లో నక్సలైటు దళములు ప్రాణహిత దాటివచ్చిన పిదప అది చేనికాపలా పనిముట్టుగా మిగులలేదు. పోలీసులకు పట్టుబడిన ఆయుధములలో భర్మారు పేరు తరచుగా వినబడెను. పందులను తోలుటకు దాచుకొన్నవానిని, దళమునకు మోసినవానిని తుపాకిని చూచి వేరుపరచుట ఎట్లు?

పాత భర్మారు ఎవరి యటకపైననైన బయటపడినచో తెలియనివారు దానిని ముట్టక ఠాణాకు తెలుపవలెను. తెలిసినవారు మొదట చూచునది గజముపై గీటునే. అది మూతికి పైన నాలుగు వ్రేళ్లు నిలిచెనా, లోపల మందున్నదన్నమాట. తడి తగులని మందు ఎన్నియేండ్లకైనను పేలును.