మదనపల్లె దావా, మద్రాసు బారు: తెలుగు న్యాయవాదుల ప్రవేశ మార్గాలు

ప్రస్తావన

తెలుగు జీవితచరిత్రలలో, ఆత్మకథలలో 'బారిస్టరు' అన్న మాటకు ఒక ప్రత్యేకమైన ప్రతిష్ఠ ఉంది. విలాయతుకు వెళ్లి బారిస్టరై తిరిగి రావడం ఒక వ్యక్తి ఉన్నతికి పరాకాష్ఠగా ఈ రచనలు చిత్రించాయి. ఆ పట్టా చేతికి వచ్చిన తరువాత ఆ వ్యక్తి ఏ గడప తొక్కాడు, ఎవరి వద్ద చేరాడు, ఎవరి దస్త్రాలు మోశాడు అన్న ప్రశ్నలకు మాత్రం అవి పెద్దగా చోటివ్వలేదు. న్యాయవాది జీవితాన్ని నిర్ణయించినది ఆ గడపే. ఇంగ్లీషులో 'చాంబర్స్' అనే సంస్థను తెలుగు ప్లీడర్లు 'ఆఫీసు' అన్నారు. 'ఫలానావారి ఆఫీసులో జూనియరుగా చేరాడు' అన్న వాక్యంలో ఒక మనిషి భవిష్యత్తు ఇమిడి ఉండేది.

మద్రాసు హైకోర్టు పరిధిలో తెలుగువారు న్యాయవాద వృత్తిలో ప్రవేశించిన మార్గాలను, ఆ మార్గాలు వారిని చేర్చిన గమ్యాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మదనపల్లె, పుంగనూరు ప్రాంతం ఇందుకు ఆధారస్థానం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న రెండు ఊళ్ల వ్యాజ్యాలు వేర్వేరు జిల్లా కోర్టులకు వెళ్లినా, అప్పీలు దశలో రెండూ మద్రాసులోనే కలిసేవి. కనుక ఈ ప్రాంతపు కక్షిదారునికి న్యాయం అంటే, అంతిమంగా, మద్రాసులో ఒక న్యాయవాది ఆఫీసు.

వృత్తిలోని అంతరువులు

1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడినప్పుడు రెండు భిన్న సంప్రదాయాలు ఒకే కప్పు కిందికి వచ్చాయి. పూర్వపు సుప్రీంకోర్టు నుంచి బారిస్టర్లు, అటార్నీలు వచ్చారు. సదర్ అదాలతు నుంచి వకీళ్లు వచ్చారు. బారిస్టరు లండనులోనో డబ్లిన్‌లోనో న్యాయవాద సంఘంలో చేరి, నియమిత సంఖ్యలో విందులకు హాజరై, పరీక్షలు ఉత్తీర్ణుడై పట్టా పొందేవాడు. వకీలు ఇక్కడే బి.ఎల్. చదివి, అనుభవజ్ఞుడైన వకీలు వద్ద శిక్షణ పొంది హైకోర్టులో ప్రవేశించేవాడు. వీరిద్దరికీ దిగువన జిల్లాలలో మొదటి తరగతి, రెండవ తరగతి ప్లీడర్లు ఉండేవారు. రెండవ తరగతి ప్లీడరు ఎంత సమర్థుడైనా హైకోర్టులో నోరు విప్పే హక్కు అతనికి లేదు.

కలకత్తా, బొంబాయిలతో పోల్చినప్పుడు మద్రాసులో వకీళ్లకు వెసులుబాటు ఎక్కువ. ఒరిజినల్ సైడ్‌లో సైతం వారు వాదించగలిగారు. 1897లో వి. భాష్యం అయ్యంగారు అడ్వకేట్ జనరల్ స్థానంలో తాత్కాలికంగా నియమితులు కావడం ఈ చరిత్రలో మలుపు. విలాయతు ముఖం చూడని వకీలు బారుకు నాయకత్వం వహించవచ్చునని ఆ నియామకం నిరూపించింది. అప్పటి నుంచి మద్రాసులో పోటీ పట్టాల మధ్య కన్నా ఆఫీసుల మధ్య ఎక్కువగా సాగింది.

మదనపల్లె తండ్రి, మద్రాసు వకీలు

ఈ వ్యవస్థ మదనపల్లె ప్రాంతపు ఒక కుటుంబాన్ని ఎలా తాకిందో జిడ్డు నారాయణయ్య దావా చూపుతుంది. ఆయన రెవిన్యూ శాఖలో తహసీల్దారుగా పనిచేసి విరమించిన దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. 1895లో మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి ఆయన కుమారుడు. 1909లో నారాయణయ్య పిల్లలతో అడయారు చేరారు. 1910లో కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను అనీబిసెంటుకు రాతపూర్వకంగా అప్పగించారు. తరువాత మనసు మార్చుకొని, 1912లో పిల్లలను తిరిగి ఇప్పించమని దావా వేశారు. అప్పటికి పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు. చెంగల్పట్టు జిల్లా కోర్టులో మొదలైన వ్యాజ్యం హైకోర్టుకు బదిలీ అయి, 1913లో జస్టిస్ బేక్‌వెల్ ఎదుట విచారణకు వచ్చింది.

నారాయణయ్య పక్షాన నిలిచిన సి.పి. రామస్వామి అయ్యర్ వయస్సు అప్పటికి ముప్పైమూడేళ్లు. ఆయన బారిస్టరు కాదు, వకీలు. ప్రతివాదిగా అనీబిసెంటు తన వాదన తానే వినిపించుకున్నారు. తీర్పు తండ్రికి అనుకూలంగా వచ్చింది. అప్పీలులోనూ నిలిచింది. 1914లో ప్రివీ కౌన్సిల్ దానిని తిరగదోసింది. తండ్రి తన సంరక్షణాధికారాన్ని మరొకరికి అప్పగించినా ఆ అప్పగింత రద్దు చేసుకోదగినదే అని అంగీకరిస్తూనే, ఇటువంటి విషయం పిల్లల హితాన్ని విచారించే ప్రక్రియలో తేలాలి గాని తల్లిదండ్రుల హక్కుల దావాగా కాదని నిర్ణయించింది. సంరక్షక న్యాయంలో ఈ తీర్పు నేటికీ ఉదాహృతమవుతూనే ఉంది.

ఈ వ్యాజ్యంలో తండ్రి సూత్రరీత్యా నెగ్గి, ఫలితంలో ఓడిపోయారు. పిల్లలు తిరిగి రాలేదు. ఆయన వకీలు ప్రతిష్ఠ మాత్రం పెరిగింది. దావాలో ఎదిరించిన అనీబిసెంటుతోనే కొద్ది సంవత్సరాలకు హోంరూల్ ఉద్యమంలో కలిసి పనిచేసిన రామస్వామి అయ్యర్ 1920లో అడ్వకేట్ జనరల్ అయ్యారు. కక్షిదారుకు వ్యాజ్యం ఒక్కటే. న్యాయవాదికి అది అనేక మెట్లలో ఒక మెట్టు. వృత్తిచరిత్ర రాసేటప్పుడు ఈ అసమానతను విస్మరించరాదు.

ఈ కుటుంబ కథలో మరొక అంశం ఈ పరిశీలనకు నేరుగా సంబంధించినది. అన్నదమ్ములను ఆక్స్‌ఫర్డ్‌లో చదివించాలన్న అనీబిసెంటు సంకల్పం నెరవేరలేదు. కృష్ణమూర్తి లండను ప్రవేశ పరీక్షలలో తప్పారు. తమ్ముడు నిత్యానంద ఉత్తీర్ణుడై లండనులో న్యాయవిద్య చదివారు. 1925లో కాలిఫోర్నియాలోని ఓజాయ్‌లో క్షయవ్యాధితో మరణించారు. ఒక న్యాయస్థానపు తీర్పు వల్ల ఇంగ్లండులో నిలిచిపోయిన ఆ తెలుగు యువకుడు చదివిన చదువు న్యాయశాస్త్రమే కావడం, ఆ చదువు ఏ ఆఫీసు గడపకూ చేరకపోవడం ఈ కథలోని విషాదం.

ఓడ ఎక్కినవారు

విలాయతు మార్గానికి ప్రథమోదాహరణ టంగుటూరి ప్రకాశం. రాజమండ్రిలో రెండవ తరగతి ప్లీడరుగా పేరు సంపాదించి, పురపాలక సంఘానికి అధ్యక్షుడైనా, పై కోర్టులో వాదించే అర్హత ఆయనకు లేదు. 1904లో ఇంగ్లండు ప్రయాణం ఆ అడ్డుగోడను దాటడానికి చేసిన యత్నం. ఒక్కొక్క మెట్టు ఎక్కే అవకాశం లేనివాడు బారిస్టరు పట్టాతో నిచ్చెన మొత్తాన్ని దాటవచ్చు. తిరిగివచ్చి మద్రాసులో వృత్తి ప్రారంభించిన ప్రకాశం ఒకరి ఆఫీసు నీడలో ఎదిగినవారు కారు. తన ఆఫీసు తానే నిర్మించుకున్నారు. 1921 నాటికి ప్రాక్టీసు వదలి 'స్వరాజ్య' పత్రిక స్థాపించారు.

1913–16 మధ్య డబ్లిన్‌లో చదివిన ఇద్దరు తెలుగువారిని ఇక్కడ కలిపి చూడాలి. గుంటూరులో అప్పటికే ప్లీడరుగా ఉన్న ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడ బారిస్టరై వచ్చారు. సహాయ నిరాకరణలో పాల్గొని కారాగారంలో 'మాలపల్లి' రచించారు. గుంటూరులో శారదా నికేతనం నడిపారు. వి.వి. గిరి 1916 ఈస్టరు తిరుగుబాటు అనంతరం ఐర్లండు విడిచి రావలసి వచ్చింది. బరంపురంలో ఆయన తండ్రి జోగయ్య పంతులు ప్రసిద్ధ న్యాయవాది. గిరికి సిద్ధమైన ఆఫీసు ఉన్నది. అయినా ఆయన కార్మికోద్యమం వైపు మళ్లారు.

ఆఫీసులో చేరినవారు

రెండవ మార్గానికి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఉదాహరణ. నెల్లూరు జిల్లా పూడూరులో ఆలయార్చకుని కుమారుడిగా పుట్టిన ఆయనకు విలాయతు ప్రయాణం ఊహకందనిది. మద్రాసులో బి.ఎల్. చదివి పి.ఆర్. సుందరయ్యర్ వద్ద శిక్షణ పొందారు. 1911లో సుందరయ్యర్ న్యాయమూర్తి అయ్యారు. పెద్ద వకీలు న్యాయపీఠం ఎక్కినప్పుడు ఆయన వాదిస్తున్న వ్యాజ్యాలు ఆగిపోవు, ఎవరో ఒకరి చేతికి వెళ్తాయి. ఆ దస్త్రాలు ముందే చదివి, ఆ కక్షిదారులకు ముఖపరిచయం ఉన్న జూనియరుకే అవి సహజంగా దక్కుతాయి. ఒకరి నియామకం మరొకరి ఎదుగుదలకు ద్వారం తెరిచే ఈ క్రమమే ఆఫీసు వ్యవస్థకు ప్రాణం. అల్లాడి 1929 నుంచి 1944 వరకు అడ్వకేట్ జనరల్‌గా ఉండి, 1947లో రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యులయ్యారు.

మూడవ మార్గం బంధుత్వం. కోకా సుబ్బారావు తన మామగారైన పి. వెంకటరమణారావు నాయుడు ఆఫీసులో చేరారు. నడుమ కొన్ని నెలలు బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు. మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయిన తరువాత బావమరిది పి.వి. రాజమన్నారుతో కలిసి ప్రాక్టీసు సాగించారు. 1944లో రాజమన్నారు అల్లాడి అనంతరం అడ్వకేట్ జనరల్ అయ్యారు. 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు 1954లో ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి. ఒకే ఆఫీసు నుంచి ముగ్గురు హైకోర్టు న్యాయపీఠానికి చేరారు. ప్రతిభ లేనిదే ఇది సాధ్యం కాదు. ఆ ప్రతిభకు వేదిక పుట్టుక వల్లనో పెళ్లి వల్లనో దొరికిందన్నదీ అంతే వాస్తవం.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెడితే ఒక ధోరణి కనిపిస్తుంది. ఓడ ఎక్కినవారు ఉద్యమానికి, పత్రికకు, సాహిత్యానికి మళ్లారు. ఆఫీసులో చేరినవారు పదవులకు, న్యాయపీఠానికి చేరారు. దీనికి స్వభావభేదం ఒక్కటే కారణం కాదు. ఆఫీసు జూనియరును కేవలం నిలబెట్టదు, కట్టివేస్తుంది. వారసత్వంగా వచ్చిన కక్షిదారులు, గుమాస్తాలు, కింద చేరిన కొత్త జూనియర్లు, పెద్దవారికి పడిన మాట ఆ కట్టులోని పోగులు. తన ఆఫీసు తానే కట్టుకున్నవాడు దానిని మూసివేస్తే నష్టపోయేది ప్రధానంగా తానొక్కడే.

ఈ సూత్రానికి ప్రత్యుదాహరణలు ఉన్నాయి. భాష్యం అయ్యంగారి అల్లుడైన ఎస్. శ్రీనివాస అయ్యంగారు 1920లో అడ్వకేట్ జనరల్ పదవి వదలి కాంగ్రెసులో చేరారు. ఆఫీసు బంధాన్ని తెంచుకోవడం సాధ్యమేనని, దాని వెల ఎంతో ఎక్కువని ఆ రాజీనామా పొందిన ప్రసిద్ధే చెబుతుంది. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు బారిస్టరు కారు, మద్రాసు ఆఫీసులో స్థిరపడినవారూ కారు. చిత్తూరు జిల్లాలోనే వృత్తి సాగిస్తూ కేంద్ర శాసనసభకు, చివరకు 1956లో లోక్‌సభ స్పీకరు స్థానానికి చేరారు. ఆయన మార్గం పై రెండింటిలో దేనికీ చెందదు. అది ఊరి బారు మార్గం.

ఊరి బారు, తెలుగు భాష

తెలుగు పరిశోధకులకు ఈ మూడవ క్షేత్రం ముఖ్యమైనది. మద్రాసు ఆఫీసులో తెలుగు కక్షిదారుని గోడు గుమాస్తా గదిలోనే ఆగిపోయేది. లోపలి గదికి చేరేసరికి అది ఇంగ్లీషు వాదపత్రంగా మారేది. జిల్లా కోర్టులలో సాక్షి తెలుగులో పలికేవాడు, ప్లీడరు తెలుగులో అడ్డు ప్రశ్నలు వేసేవాడు. ఆ ప్రశ్నోత్తరాలలో సంభాషణ బిగువు, మాటకు మాట విరుపు నిత్యం అభ్యాసమయ్యేవి. రాయలసీమ ఊరి బారు నుంచి తెలుగు నాటకం పుష్టి పొందడం ఈ దృష్టితో చూస్తే ఆశ్చర్యకరం కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ బళ్ళారిలో న్యాయవాదులే. మద్రాసులో ఉండీ ఈ ధారతో కలిసిన రాజమన్నారు రాఘవ కోసం 'తప్పెవరిది' నాటకం రాయడం, ఆఫీసు గోడలు భాషను పూర్తిగా ఆపలేకపోయాయనడానికి నిదర్శనం.

ముగింపు

1926 నాటి బార్ కౌన్సిళ్ల చట్టం బారిస్టరు, వకీలు భేదాన్ని చాలావరకు చెరిపివేసింది. 1961 నాటి అడ్వకేట్ల చట్టం అందరినీ ఒకే పేరు కిందికి తెచ్చింది. పట్టాల అంతరువు పోయింది గాని ఆఫీసు గడప పోలేదు. దానిని ఏ చట్టమూ నిర్వచించలేదు, అందువల్ల ఏ చట్టమూ రద్దు చేయలేకపోయింది.

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు న్యాయవాది గతిని బారిస్టరు పట్టా కన్నా ఆఫీసు ప్రవేశమే ఎక్కువగా నిర్దేశించింది. రెండు, ఆ ప్రవేశం దక్కనివారు, వద్దనుకున్నవారు తెలుగు ప్రజాజీవితానికి, సాహిత్యానికి ఎక్కువగా దక్కారు. మూడు, ఈ చరిత్రను న్యాయవాదుల వైపు నుంచే చదివితే అది పదోన్నతుల పట్టికగా మిగులుతుంది. మదనపల్లె తండ్రి వైపు నుంచి చదివితే, ఒకరి మెట్టు మరొకరి నష్టం మీద నిలిచిన సందర్భాలు కనిపిస్తాయి. జిల్లా కోర్టుల తెలుగు వాంగ్మూలాలను, ప్లీడరు గుమాస్తాల దస్త్రాలను ఈ దృష్టితో సేకరించి పరిశీలించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. కక్షిదారుని మాట అతని భాషలో నిలిచి ఉన్న చోటు అదే.