కూతురి కొడుక్కి దక్కని కిరీటం

పారిస్‌కి ఉత్తరాన ఆనుకుని ఉన్న సాన్ దెనీలో కాపురం ఉంటున్నాను. ఇక్కడి పెద్ద చర్చిలో ఫ్రాన్సు రాజుల సమాధులున్నాయి. రాజులూ రాణులూ రాతిబొమ్మలై, చేతులు జోడించుకుని వరసగా పడుకుని ఉంటారు. వాళ్ల మధ్య ఒక పసివాడి బొమ్మ కూడా ఉంది. మొదటి జాన్. 1316 నవంబరులో పుట్టాడు, పుట్టీపుట్టగానే రాజయ్యాడు, అయిదు రోజులకే పోయాడు. మన లెక్కన బారసాల కూడా కాని బిడ్డ. వాడు బతికుంటే ఇంగ్లండుతో ఆ నూరేళ్ల యుద్ధం ఇలా నడిచేది కాదేమో అనిపిస్తుంది నాకు.

వాడి తండ్రి పదో లూయీకి మొదటి భార్య వల్ల ఒక కూతురుంది. పేరు జోన్, వయసు నాలుగేళ్లు. తల్లి మీద రంకు మోపి చెరలో పెడితే ఆమె అక్కడే చనిపోయింది. ఇక ఆ పిల్ల పక్షాన గట్టిగా నిలబడి గెలిచినవాళ్లెవరు? బాబాయి ఫిలిప్ 1317 జనవరిలో రాన్స్ నగరంలో కిరీటం పెట్టుకున్నాడు. ఆడది ఫ్రాన్సు గద్దెకి రాకూడదని మరుసటి నెలలోనే పారిస్‌లో పెద్దలచేత అనిపించాడు. తీరా తనకీ మగపిల్లలు మిగల్లేదు. తమ్ముడు చార్లెస్ వచ్చాడు, అతనికీ అంతే. 1328 నాటికి ఆ అన్నదమ్ముల వంశంలో మగవాడే లేడు. వాళ్ల చెల్లెలు ఇసబెల్ కొడుకు మాత్రం ఉన్నాడు, ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్. తల్లికే లేని హక్కు కొడుక్కి ఎక్కడిదని అతన్ని కాదని, వాల్వా వంశపు ఫిలిప్‌ని కూర్చోబెట్టారు.

ఇక్కడే నా మనసు ఓరుగల్లుకి పోతుంది. గణపతిదేవుడికి కొడుకులు లేకపోతే కూతురు రుద్రమకి రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ఆమెకీ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు గద్దెనెక్కాడు. పారిస్ పెద్దలు కుదరదన్న సంగతే, కూతురూ, కూతురి కొడుకూ రాజ్యానికి రావడమే, వాళ్లకంటే ముందే మన దగ్గర జరిగిపోయింది! అదేమీ సాఫీగా జరగలేదు. సామంతుడు కాయస్థ అంబదేవుడు రుద్రమ మీద తిరగబడ్డాడు. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతోంది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాలకి లొంగింది. కానీ దౌహిత్రుడు ఏలినందువల్ల లొంగలేదు, ఆ మాట గట్టిగానే చెప్పగలను.

ఇక్కడి యుద్ధానికి వారసత్వం ఒక్కటే కారణం కాదు. బోర్డో చుట్టుపక్కల ద్రాక్షతోటల సీమ ఇంగ్లండు రాజు చేతిలో ఉండేది, దానికోసం అతను ఫ్రాన్సు రాజుకి సామంతుడిలా తలవంచాలి. 1337లో ఫిలిప్ ఆ సీమని లాగేసుకున్నాడు. మూడేళ్లకి ఎడ్వర్డ్ తానే ఫ్రాన్సు రాజునని ప్రకటించుకున్నాడు. ఆ తర్వాత క్రెసీ, పువాటియే, అజాంకూర్. ఇంగ్లీషు విలుకాళ్ల బాణాలకి కవచాలు తొడిగిన దొరలు కుప్పలుగా కూలారు. రాజు ఒకడు బందీగా లండన్ పోయాడు. ఇవన్నీ బడిపిల్లలు కూడా వల్లిస్తారు.

నన్ను కుదిపేసేది 1420 నాటి త్రువా సంధి. మతి చలించిన ఆరో చార్లెస్ పేరుతో సొంత కొడుకుని తోసేసి, కూతురు కాథరీన్‌ని ఇంగ్లండు రాజు అయిదో హెన్రీకిచ్చి, అతన్నే వారసుడిగా ఒప్పుకున్నారు. కూతురికి హక్కు లేదన్న రాజ్యాన్ని అల్లుడికి రాసిచ్చారు. దీన్ని నేను క్షమించలేను.

ఆ తోసేసిన కొడుకుని నిలబెట్టింది ఇంకో జోన్. పల్లెటూరి రైతు బిడ్డ, పదిహేడేళ్లు. 1429 మే 8న ఓర్లెయాన్ ముట్టడి వీడింది. జులైలో రాన్స్‌లో ఏడో చార్లెస్‌కి పట్టాభిషేకం. మరి రెండేళ్లకి రువాన్‌లో ఆమెని కాల్చేశారు. మోపిన నేరాల్లో మగవాడి బట్టలు వేసుకోవడం ఒకటి. మగ పేరుతో ఏలిన మన రుద్రమని తలుచుకోకుండా ఈ చరిత్ర చదవడం నావల్ల కాదు. యుద్ధం 1453లో కాస్టియోన్ దగ్గర ముగిసింది.

నేను ఫిల్మ్‌నగర్‌లో పెరిగాను. సాయంత్రమైతే ఏ ఇంటి వసారాలో చూసినా ఎవరో ఒకరు కథ చెబుతూ ఉండేవారు. హీరోయిన్ ఎంట్రీ ఎక్కడ, ఇంటర్వెల్ ఎక్కడ అని వాదించుకుంటూ టీల మీద టీలు తాగేవారు. ఇక్కడ చలికాలంలో అయిదింటికే చీకటి పడితే ఆ గొంతుల్లో ఈ చరిత్ర వినాలనిపిస్తుంది. 2015లో గుణశేఖర్ గారి 'రుద్రమదేవి' వచ్చాక ఈ కోరిక ఇంకా బలపడింది. అందుకే జూబ్లీహిల్స్‌లో కథలు రాసే అన్నలకీ తమ్ముళ్లకీ ఒక మాట. ఓర్లెయాన్ జోన్ గురించి లోకమంతా తీసింది. మీరు ఆ నాలుగేళ్ల జోన్‌ని తీసుకోండి. ఆమె పెరిగి పెద్దదై 1328లో నవార్ రాజ్యానికి రాణి అయింది. అక్కడివాళ్లు ఆడవాళ్లని గద్దెకి వద్దనలేదు. ఆమె కొడుకు చార్లెస్, అమ్మకి జరిగిన అన్యాయాన్ని మరవక, ఒకసారి ఇంగ్లండుతో, ఒకసారి ఫ్రాన్సుతో చేతులు కలుపుతూ వాల్వా రాజులకి నిద్ర లేకుండా చేశాడు. ఇక్కడి చరిత్రకారులు అతన్ని దుష్టుడన్నారు. తల్లి వైపు నుంచి చూసి ఎవరైనా రాస్తే మొదటి టికెట్ నాదే.